మొండి బాక్టీరియాపై మొక్కల మందులు: యాంటీబయాటిక్‌లకు బదులా, తోడా?

వేపచెట్టు:
ఉన్న యాంటీబయాటిక్‌లు ఒక్కొక్కటిగా పని చేయడం మానేస్తున్నాయి. 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని అంచనా. పసుపులోని కర్కుమిన్, వెల్లుల్లిలోని అల్లిసిన్, మానుపసుపులోని బెర్బెరిన్ ప్రయోగశాలలో స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియాను అడ్డుకుంటున్నాయని పరిశోధన వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అయినా యాంటీబయాటిక్‌లకు బదులుగా అవి ఆసుపత్రి దాకా రాకపోవడానికి, పేటెంటు దక్కదని కంపెనీలు పట్టించుకోకపోవడమే కారణమని నా వాదన.

గాజుపళ్లెం:
పేటెంటు మాట కొంతవరకు నిజమే గాని, అసలు అడ్డంకి మోతాదు. మంచి యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములున్నా బాక్టీరియా పెరుగుదల ఆగిపోతుంది. మొక్కల పదార్థాలలో చాలావాటికి వందల మైక్రోగ్రాములు కావాలి. నోటితో తీసుకున్న కర్కుమిన్ పేగు నుంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం, చేరిన కాస్తా కాలేయంలో త్వరగా మారిపోతుంది కనుక, అంత గాఢత రక్తంలో రానే రాదు. అల్లిసిన్ అయితే వెల్లుల్లి రెబ్బలో ముందుగా ఉండదు. దంచినప్పుడు పుట్టి, పొయ్యి మీద పెడితే పోతుంది.

మీ జాబితాలో ఆలోచించదగ్గది బెర్బెరిన్. స్టెఫిలోకాకస్ ఆరియస్ పొరలో నార్‌ఏ అనే పంపు ఉంది. లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను వచ్చినట్టే బయటకు తోడేస్తుంది. బెర్బెరిస్ జాతి మొక్కలు కొన్ని బెర్బెరిన్‌తో పాటు ఆ పంపును అడ్డుకునే మరో పదార్థాన్నీ తయారు చేసుకుంటాయని 2000లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఆ రెండో పదార్థానికి సొంతంగా బాక్టీరియాను చంపే శక్తి లేదు. అంటే మొక్క సైతం ఒక్క మందును నమ్ముకోలేదు! మిరియాలలోని పైపరిన్ కూడా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు ఇదే తీరున తోడ్పడుతుందని జమ్మూ శాస్త్రవేత్తలు 2006లో చూపారు. నేను ఆశ పెట్టుకున్నది ఈ దారి మీదే.

వేపచెట్టు:
మరి ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది కదా? దానికి చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారికి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు.

గాజుపళ్లెం:
అది మలేరియా పరాన్నజీవి మీద మందు, బాక్టీరియా మీద కాదు. పైగా కంబోడియా ప్రాంతంలో ఆ పరాన్నజీవి దానికీ పాక్షికంగా అలవాటు పడింది. అలాంటి ముప్పును అడ్డుకోవడానికే దాన్ని ఒంటరిగా వాడవద్దని, మరో మందుతో కలిపే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టుబడుతోంది. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, పుట్టదనుకోవడం పొరపాటు.

మందులకొట్టు:
పైపరిన్ మన దేశంలో మందులో భాగంగా వచ్చింది కూడా. 2009లో విడుదలైన రిసోరిన్ అనే క్షయ మందులో రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌ను 450 మిల్లీగ్రాముల నుంచి 200కు తగ్గించగలిగారు. అయితే అక్కడ పైపరిన్ చేసే పని రిఫాంపిసిన్ రక్తంలోకి ఎక్కువగా చేరేలా చూడడం. ఆ గుణమే ఇతర మందులు రక్తంలో చేరే పాళ్లనూ పెంచగలదు. అందుకే పైపరిన్ కలిపిన పసుపు గుళికలు అడిగేవారిని, ఇంకేం మందులు వాడుతున్నారని నేను తప్పక అడుగుతాను.

కోళ్లఫారం:
నా ప్రశ్న మనుషుల గురించి కాదు. కోళ్ల దాణాలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో నిషేధించారు. దానికి బదులు వాములో ఉండే థైమాల్ కలిపిన దాణా అమ్ముతున్నారు. అదీ వృథాయేనా?

గాజుపళ్లెం:
వృథా కాదు, నేను చెప్పిన మోతాదు అడ్డంకి అక్కడ చాలావరకు ఉండదు. పేగులోనే పని చేయవలసినది రక్తంలోకి చేరకపోయినా నష్టం లేదు. ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ పెట్టే అలవాటును ఐరోపా సమాఖ్య 2006లోనే నిషేధించింది. ఆ ఖాళీలో థైమాల్, కార్వక్రాల్ వంటి మొక్కల పదార్థాలు అక్కడ స్థిరపడ్డాయి. ఈ ఒక్క చోట మాత్రం వేపచెట్టు గారి "బదులు" అన్న మాటను ఒప్పుకుంటాను. షెడ్డులో ఈ.కోలై బాక్టీరియా జబ్బు మొదలైతే మాత్రం థైమాల్‌తో కాలయాపన చేయకండి. చనిపోయిన కోడి నుంచి నమూనా తీయించి, ఆ బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించి, పశువైద్యుడు రాసిన మందునే చెప్పినన్ని రోజులూ వాడండి.