మార్మొరీనో: మెరుగు పెట్టేటప్పుడు పొక్కులు, నల్లచారలు

మార్మొరీనో, అంటే పాలరాతి పొడి కలిపి మెరుగు పెట్టే వెనిస్ పద్ధతి సున్నపు పూత, తెలిసినవాళ్ల సలహా కావాలి. గోడ ఇటుకది. అడుగుపూతలో సున్నం ముద్ద 1 పాలు, ఇసుకా ఇటుక పొడీ (అక్కడివాళ్ల కొచ్చోపేస్తో) కలిపి 3 పాళ్లు. దానిమీద సున్నం ముద్ద 1, ముతక పాలరాతి పొడి 2 పాళ్లతో 4 మి.మీ. పైపూతలో సన్నపొడి, సున్నం సమపాళ్లు. మందం 1 మి.మీ. లోపే. సున్నం ఏడాది నీళ్లలో నానింది. సిమెంటు, రెసిన్ ఏమీ లేవు.

పైపూతను స్టీలు తాపీతో నొక్కి రుద్దుతుంటే అక్కడక్కడా పొక్కులు లేస్తున్నాయి. కింది తడి బయటికి పోకముందే పైపొర మూసుకుపోతోందని అనుమానం. ఆగితే అంచులు ముందే ఆరి అతుకులు కనబడుతున్నాయి. కింది పొర ఎంత గట్టిపడ్డాక పైది వేయాలి? వేలి గుర్తు పడకూడదా, చల్లగా తగిలితే చాలా?

నల్లచారలు తాపీ లోహం రాసుకునే వస్తున్నాయి, లేత రంగులో దాచలేం. స్టెయిన్‌లెస్ తాపీ మొదటినుంచీ వాడాలా, చివరి రుద్దుడుకేనా? మార్సెయ్ సబ్బు (ఆలివ్ నూనె సబ్బు) నీళ్లు పూత పచ్చిగా ఉండగానే పట్టించాలా, మర్నాడా? పచ్చిమీదైతే సున్నంతో కలిసి నీరంటని పొర కడుతుంది, కానీ మచ్చలొస్తాయేమో.