అప్‌డేట్: పైపర్ కబ్ టేకాఫ్‌లో ఇంజన్ శక్తి పడిపోవడానికి కారణం

అమెరికాలోని ఒక గడ్డి రన్‌వే నుంచి లేస్తుండగా మా 1946 నాటి పైపర్ జె-3 కబ్ అనే చిన్న విమానం ఇంజన్ శక్తి పడిపోయిందని, మిగిలిన రన్‌వే మీదే క్షేమంగా దిగామని చెప్పి, కారణం ఏమై ఉంటుందని అడిగాను. మాగ్నెటోలు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరాలు), కంప్రెషన్ (సిలిండర్లలోని ఒత్తిడి), ట్యాంకు మూతలోని గాలి రంధ్రం బాగానే ఉన్నాయి. కార్బ్యురేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపే భాగానికి) వేడి గాలి తెచ్చే గొట్టం మాత్రం లోపలివైపు చిరిగి ఉంది. ఆ ఉదయం ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి గాలిలో తేమ నిండుగా ఉంది. పెట్రోలు ఆవిరి కావడం వల్ల, ఇరుకు దారిలో గాలి పీడనం తగ్గడం వల్ల కార్బ్యురేటర్ లోపల సున్నా కంటే చల్లబడుతుంది కనుక, తడి గడ్డిపై నెమ్మదిగా నడిపినంతసేపూ థ్రాటిల్ పలక (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే పలక) చుట్టూ మంచు పేరుకుందని, దాన్ని కరిగించేంత వేడి అందలేదని మెకానిక్ తేల్చారు. ఆగిన తరువాత ఆ మంచు కరిగిపోతుంది కనుక, ఇంజన్ మళ్లీ మామూలుగా తిరగడానికి కూడా ఇదే సరైన వివరణ. 65 హార్స్‌పవర్ ఇంజన్‌కు ఆ కాస్త నష్టమే ప్రాణాంతకం కావచ్చు. గొట్టం మార్చాక వేడి గాలి మీట లాగితే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) స్పష్టంగా తగ్గుతోంది, అంటే వేడి గాలి సరిగా అందుతోంది. కార్బ్యురేటర్ మంచును మొదటే అనుమానించిన వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.