క్యాబిన్ గాలి రంధ్రాల్లో కందిరీగలు: జాలీయా, బిరడాయా?

భీమిలి రెక్కలు
ఇద్దరు కూర్చునే అల్యూమినియం విమానం, భీమిలి దారిలోని మా షెడ్డులో తయారవుతోంది. పక్కరేకుల్లో చెరొక నాకా డక్టు, అంటే బయటిగాలి లోపలికి జారేలా రేకులోకి వాలుగా దిగిన దారి. అక్కడి నుంచి 50 మి.మీ. గొట్టాలు ప్యానెల్ కింది వెంట్లకు వస్తాయి. నిన్న కుడి గొట్టం విప్పితే లోపల బొటనవేలంత మట్టిగూడు. ఎర్రమట్టి, ఒక కొస ఇంకా తడిగానే ఉంది. గోటితో గీరితే పెచ్చు ఊడి ఆకుపచ్చ సాలీళ్లు బిలబిలా రాలాయి. చచ్చినవి కావు, కాళ్లు కదులుతూనే ఉన్నాయి.
జాలీ పెట్టాలనుకుంటున్నాను. డక్టు నోటి దగ్గరా, లోపలా? ఎంత సన్నం? ఏ లోహం? గాలి మాత్రం తగ్గకూడదు. మే నెలలో కానపీ కింద, అంటే ఆ పారదర్శకపు పైమూత కింద, కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

గాజువాక రివెట్
జాలీ సంగతి తర్వాత. ముందు షెడ్డు పక్కన కారుతున్న కొళాయి ఉందేమో చూడండి. తడిమట్టి దొరకని చోట ఆ కందిరీగ గూడు మొదలుపెట్టదు. మా దగ్గర కూలర్ నీళ్లు పోయే చోట సిమెంటు చేయించాక గూళ్లు బాగా తగ్గాయి.

సింహాచలం సంపెంగ
సాలీళ్లు చావలేదంటే ఆశ్చర్యం లేదండీ. కుట్టి, కదలకుండా చేసి, పిల్లపురుగుకు తిండిగా దాస్తుంది. మన పెద్దలు భ్రమరకీటక న్యాయం అన్నారు కదా, తెచ్చిన పురుగే ధ్యానం చేసి భ్రమరమైపోతుందని. పాపం అది ధ్యానం కాదు, పక్షవాతం.
మా అత్తగారైతే ఇంట్లో కందిరీగ గూడు కడితే పిల్లలు పుడతారని ముట్టుకోనివ్వరు. స్విచ్ బోర్డులో ఒక ప్లగ్గు రంధ్రం ఆ నమ్మకానికే అంకితమైపోయింది.

డాల్ఫిన్ కొండ
నేను నౌకాదళ విమానాల మీద పనిచేసి రిటైరైనవాడిని, కనుక నా మాట వినండి. స్టీలు జాలీ వద్దే వద్దు. సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలిలో స్టెయిన్‌లెస్‌ను అల్యూమినియానికి ఆనించి బిగిస్తే రేకును తినేస్తుంది. తెల్లపొడి రాలడం మొదలైందంటే లోపల పని అయిపోయినట్టే. నైలాను జాలీ వేసుకోండి.

గాలిలెక్క
గురువుగారూ, సగమే చెప్పారు. తుప్పు వేగం రెండు లోహాల విస్తీర్ణాల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. పెద్ద స్టీలు రేకుకు చిన్న అల్యూమినియం రివెట్ కొడితే ఆ రివెట్ త్వరగా పోతుంది. ఇక్కడ అరచేతిలో సగం కూడా లేని జాలీ, చుట్టూ అంత పెద్ద అల్యూమినియం ఒళ్లు. భయం రాగి, ఇత్తడి జాలీలతో. వాటిని దగ్గరకు రానివ్వకండి.

డాల్ఫిన్ కొండ
నిష్పత్తులు పుస్తకంలో బాగుంటాయి బాబూ. ఉప్పునీటి చుక్క నిష్పత్తి చూసి కూర్చోదు. అది నిలిచిన చోటే, జాలీ అంచు కిందే, గుంట పడుతుంది. మీరు ఎన్ని విమానాల రేకులు విప్పి చూశారు?

గాలిలెక్క
విప్పిన లెక్కలు అడిగితే లోహం తన స్వభావం మార్చుకోదు. అంచు కింద గుంట పడుతుందన్నది నిజమే, ఒప్పుకుంటాను. దానికి మందు ప్రైమరు, పైన సీలెంటు, మధ్యలో ఒక ప్లాస్టిక్ రింగు. లోహానికి లోహం తగలకపోతే తగువే లేదు. మీ నైలాను మాటేమిటి? ఎండకు పెళుసైపోయి, గాలి ఒత్తిడికి చినిగి, ఆ ముక్కలే వెంట్లోంచి ముఖం మీదికి వస్తాయి.

ఎంవీపీ మావయ్య
ఇద్దరూ కాస్త ఆగండి. మన విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళం పాత విమానం టీయూ-142 ఉంది కదా, 2017 నుంచి సముద్రానికి ఎదురుగా నిలబడి ఉప్పుగాలి తింటోంది. అది బాగానే ఉంది, మీ జాలీకే వచ్చిందా?

డాల్ఫిన్ కొండ
మావయ్యగారూ, అది మ్యూజియం. రంగులు వేస్తారు, ఎగరదు. ఎగిరే దానికీ నిలబడే దానికీ పోలికా?

సింహాచలం సంపెంగ
నాఫ్తలీన్ ఉండలు గొట్టంలో వేస్తే సరిపోదా? బట్టల బీరువాలో పురుగు రాదు కదా.

గాజువాక రివెట్
అమ్మా, ఆ గొట్టంలోంచి వచ్చే గాలినే పైలట్ పీల్చాలి. మూసిన కానపీ కింద ఆ ఆవిరితో తలనొప్పి తెచ్చుకుని ల్యాండింగ్ చేయమంటారా?

రన్‌వే 28
మీరంతా క్యాబిన్ గాలి గురించి కొట్టుకుంటున్నారు. అసలు చూడవలసింది విమానం వేగం కొలిచే పిటాట్ గొట్టం, ఇంధన ట్యాంకులోకి గాలి వెళ్లే వెంట్. క్యాబిన్ వెంట్ మూసుకుంటే చెమట పడుతుంది. ట్యాంకు వెంట్ మూసుకుంటే ఇంధనం అందక ఇంజిను ఆగుతుంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బోయింగ్ 757 కూలి 189 మంది పోయారు. కారణం పిటాట్‌లో కందిరీగ గూడు.

గాలిలెక్క
'కారణం' అనకండి, 'అనుమానం' అనండి. ఆ పిటాట్ గొట్టాలు సముద్రంలోంచి బయటికి రాలేదు. విమానం తొడుగులు లేకుండా వారాల తరబడి నిలిచి ఉంది, అక్కడ అలాంటి కందిరీగలు ఎక్కువ, అందుకని ఆ అంచనాకు వచ్చారు. చేతికి దొరికిన మట్టి కావాలంటే బ్రిస్బేన్ చూడండి. 2013 నవంబరులో ఒక ఎయిర్‌బస్ ఏ330 వేగం సూచికలు తేడా చూపడంతో వెనక్కి దిగింది. పిటాట్‌లో మట్టి దొరికింది.

రన్‌వే 28
189 మంది పోయిన చోట మాటలు తూకం వేసే ఓపిక నాకు లేదు. తొడుగు వేయాలి, అంతే.

గాలిలెక్క
వేయండి. తీయడం కూడా గుర్తుపెట్టుకోండి. అదే బ్రిస్బేన్‌లో 2018 జులైలో మరో ఏ330 పిటాట్ తొడుగులతోనే గాల్లోకి లేచింది. ఆ తొడుగులు వేసింది కందిరీగల కోసమే.

ఎంవీపీ మావయ్య
ఇంతకీ భీమిలి తమ్ముడూ, దీన్ని ఎక్కడి నుంచి ఎగరేస్తావు? మన విమానాశ్రయం నౌకాదళం వారిది, ఐఎన్‌ఎస్ డేగా. ఇంట్లో కట్టిన విమానం తీసుకొచ్చి రన్‌వే అడిగితే ఏమంటారో ఆలోచించావా?

భీమిలి రెక్కలు
రెక్కలు విప్పి లారీ మీద వేరే చోటికి తీసుకువెళ్లాలనే ఆలోచన, మావయ్యగారూ. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ డాబా మీద కట్టిన విమానాన్ని కిందికి దించి, 2017లో రిజిస్టర్ చేయించి, 2019లో ఎగరడానికి పర్మిట్ తెచ్చుకున్నారు. నాకు షెడ్డయినా నేల మీద ఉంది. దయచేసి జాలీ ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి.

గాలిలెక్క
నాకా డక్టు నోటి మీద, రేకుకు సమంగా మాత్రం వద్దు. దాని పనితనమంతా ఆ ఏడు డిగ్రీల వాలులో, విచ్చుకునే రెండు అంచుల దగ్గర పుట్టే సుడుల్లో ఉంది. అక్కడ జాలీ పెడితే సుడి చెదిరి, గాలి లోపలికి రాకుండా పక్కనుంచి జారిపోతుంది. లోపల, డక్టు ముగిసి గొట్టం మొదలయ్యే చోట పెట్టండి.
అంగుళానికి 16 కళ్లు, 0.28 మి.మీ. తీగ ఉన్న మామూలు దోమల జాలీలో ఖాళీ 68 శాతమే. నేరుగా 50 మి.మీ. గొట్టానికి బిగిస్తే మూడో వంతు దారి మూసినట్టే. మధ్యలో 62 మి.మీ. వ్యాసం ఉన్న చిన్న డబ్బా పెట్టి, జాలీని దాంట్లో బిగించండి. పోయిన ఖాళీ తిరిగి వస్తుంది. తీగల రాపిడికి పోయే ఒత్తిడి వేరు, అందుకని 65 చేసినా నష్టం లేదు. విప్పి తుడుచుకునేలా స్క్రూలు పెట్టండి, లేకపోతే దూది, ధూళి పట్టి జాలీయే బిరడా అవుతుంది.

గాజువాక రివెట్
జాలీ లోపల ఉంటే దాని ముందున్న డక్టులో కందిరీగ హాయిగా ఇల్లు కట్టుకుంటుంది కదా! గాల్లో ఎగిరేటప్పుడు ఏ కందిరీగా గూడు కట్టదు. కట్టేదంతా షెడ్డులో ఉన్నప్పుడే. కనుక నిలిపినప్పుడు బిరడా, ఎగిరేటప్పుడు ఖాళీ. నేను హవాయి చెప్పు అడుగు కోసి, నాకా నోటి ఆకారానికి చెక్కి, ఎర్ర రిబ్బను కట్టాను. రెండు వైపుల బిరడాలకూ ఒకటే తాడు, కానపీ మీదుగా వేస్తాను. తాడు తీయకుండా కానపీ తెరవలేను, ఇక మర్చిపోవడం ఎక్కడ?

డాల్ఫిన్ కొండ
ఈ తాడు ఉపాయం బాగుంది. చెప్పు రబ్బరు కూడా మంచిదే, నీళ్లు పీల్చదు. పరుపుల స్పాంజి పెట్టేవాళ్లను చూశాను. వాన నీళ్లు, ఉప్పు కలిపి పట్టుకుని రేకును నానబెడుతుంది.

రన్‌వే 28
ట్యాంకు వెంట్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. దాని కొసకు సన్నటి జాలీ తప్పనిసరి. అది లోహపుదే కావాలి.

సింహాచలం సంపెంగ
మా కారు ఏసీలో బల్లి చేరింది. దానికి ఏ సైజు జాలీ?

గాలిలెక్క
కారుకు క్యాబిన్ ఫిల్టరు ఉంటుందండీ, అది మార్పించండి. భీమిలివారూ, నా సలహా రెండూ పెట్టమని. బిరడా కందిరీగకు, జాలీ ఎగిరేటప్పుడు వచ్చే పురుగులకు. స్టీలు జాలీయే తీసుకోండి, ఎవరేమన్నా.

డాల్ఫిన్ కొండ
'ఎవరేమన్నా' అంటే నన్నేనని తెలుసు. ఒక పని చేద్దాం. మీ ప్రైమరు, మీ రింగు, మీ స్టీలు జాలీ ఒక అల్యూమినియం ముక్కకు బిగించి తెండి. పక్కనే నా నైలాను ముక్క. రెండూ మా డాబా మీద పెడతాను, సముద్రం ఎదురుగానే ఉంది. వానాకాలం గడిచాక విప్పుదాం.

గాలిలెక్క
తెస్తాను. నైలాను ముక్కకు నీడ పట్టకూడదు, ఎండలోనే ఉండాలి. అది నా షరతు.

భీమిలి రెక్కలు
నా జాలీ వానాకాలం దాకా ఆగదు. కొళాయి వాషరు ఈ పూటే మార్చేశాను, చెప్పు కోస్తున్నాను. 62 మి.మీ. అల్యూమినియం డబ్బా ఆటోనగర్‌లో ఎవరు తిప్పి ఇస్తారో గాజువాకవారు చెప్పగలరా?

గాజువాక రివెట్
లేత్ అక్కరలేదు. పాత టార్చిలైటు వెనక గొట్టం కొలిచి చూడండి. సరిపోకపోతే శనివారం రండి, నేనే రేకు చుట్టి ఇస్తాను.