ఇంటి ముందు 200 చదరపు అడుగులు: లాన్ వేయాలా, మొక్కలు పెట్టాలా?

వైట్‌ఫీల్డ్_కొత్తిల్లు
అందరికీ నమస్కారమండి. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు 40×60 సైట్‌లో ఇల్లు కట్టుకుని ఈ సంక్రాంతికే దిగాం. ఉత్తర ముఖం. ముందు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున మట్టి నేల వదిలించాను. డిజైనర్ని పెట్టకుండా నేనే వేసుకుందామని నా ఆశ. మా ఆయనేమో మొత్తం లాన్ వేద్దాం, పాప ఆడుకుంటుంది అంటున్నారు. నాకు మల్లె, మందారం, కరివేపాకు కావాలి. మేస్త్రీ అయితే ఇంటర్‌లాక్ పలకలు వేసేయండమ్మా, బురదే ఉండదు అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

హెచ్ఎస్ఆర్_నాన్న
లాన్ వేయండి, రెండో ఆలోచన వద్దు. మా ఇంట్లో ఏడేళ్లుగా ఉంది. మా నాన్నగారు పొద్దున్నే చెప్పుల్లేకుండా దాని మీదే నడుస్తారు. మా వాడు నడక నేర్చుకుంది దాని మీదే, ఎన్నిసార్లు పడ్డా మోకాలు చీరుకోలేదు. గుబురు మొక్కలు పెడితే రోజూ ఆకులు ఊడవడం, దోమలు.

పెరటి_మట్టి
అమ్మా, ఉత్తర ముఖం అన్నారు చూడండి, ముందు అది తేలాలి. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి మీ జాగాకు ఎండ బాగానే తగులుతుంది. అక్టోబర్ వచ్చేసరికి దక్షిణానికి జరిగిపోతాడు. మీ ఇల్లు 30 అడుగుల ఎత్తుంటే డిసెంబర్ మధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి సుమారు 22 అడుగులు పడుతుంది. మీకున్నది పదే అడుగులు. నర్సరీలో బెర్ముడా అని అమ్మేది మన గరికే, వినాయకుడికి పెట్టేది. నిండు ఎండ లేకపోతే అది పలచబడి, కింద మట్టి బయటపడుతుంది. మీ లాన్‌కు ప్రతి చలికాలం అదే గతి.

ఇక నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 200 చదరపు అడుగులకు 90 లీటర్లు దాటుతుంది. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ లెక్క. 2024 మార్చిలో ఏమైందో మర్చిపోకండి. తాగునీళ్లతో తోట తడిపినా, కారు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ నెల మా వీధిలో ట్యాంకర్ కోసం రాత్రి పదింటి దాకా గేటు దగ్గర నిలబడ్డాం. అప్పుడు లాన్ గుర్తొస్తే కడుపు మండుతుంది.

హెచ్ఎస్ఆర్_నాన్న
నీడ సంగతి నేను ఆలోచించలేదండీ, మాది తూర్పు ముఖం. కానీ నీళ్ల విషయంలో ఒప్పుకోను. 2024లో మేం బట్టల మిషన్ చివరిసారి జాడించిన నీళ్లే పోశాం, గడ్డి బతికింది. పైగా మీరు చెప్పే మందారం, మల్లె నీళ్లు తాగవా? కుండీల్లో పెడితే ఎండాకాలంలో రోజూ పోయాల్సిందే.

పెరటి_మట్టి
కుండీల మాట నిజం. అందుకే నేలలో పెట్టమంటాను. వేరు దిగాక, పాదులో ఎండుటాకులు పరిస్తే వారానికి రెండుసార్లు చాలు. జాడించిన నీళ్లు మంచి పని, నేనూ అదే చేస్తాను. మొదటిసారి సబ్బు నీళ్లు మాత్రం పోయకండి.

వైట్‌ఫీల్డ్ అమ్మగారికి నా ప్లాన్. మల్లె కాపుకాలం ఎండాకాలమే, మీ జాగాకు ఎండ వచ్చేదీ అప్పుడే. చలికాలంలో ఎలాగూ కొమ్మలు కత్తిరిస్తాం. కాబట్టి మల్లె గేటు పక్కన, కాంపౌండ్ గోడ వారగా. ఇంటి గోడ నీడలో తమలపాకు తీగ, వామాకు. కరివేపాకు, మందారం, నిమ్మకు ఏడాదంతా ఎండ కావాలి కాబట్టి అవి మాత్రం మేడ మీదకు పెద్ద తొట్లలో, రోజూ నీళ్లు తప్పవు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: సంప్ ఎక్కడుందో సుద్దతో గీసుకోండి. దాని దగ్గర రబ్బరు మొక్క, మర్రి జాతి చెట్టు ఏదీ వద్దు, వేర్లు గోడ పగలగొడతాయి. పాప ఆటకు ఒక మూల ఇసుక పోయించండి.

రామమూర్తినగర్_అక్క
ఇంటర్‌లాక్ వద్దమ్మా. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఆ 200 అడుగుల మీద 186 లీటర్లు పడ్డట్టు. పలకల కింద కాంక్రీటు పోశారంటే అంతా రోడ్డు మీదకే. మా పక్కింట్లో అలాగే వేశారు, వానొస్తే ఆ నీళ్లు మా గుమ్మంలోకే. నడిచే దారికి నాలుగు రాళ్లు పరుచుకోండి, చాలు.

ఇంకోటి, కట్టిన ఇంటి ముందు మట్టిని నమ్మకండి. మా నూరువరహాలు మొదటి ఏడాదే పసుపెక్కింది. ఆకు చేతిలోకి తీసుకుని చూస్తే ఈనెలు పచ్చగా, వాటి మధ్యన పసుపు. ఇనుము అందడం లేదన్నమాట. పాదు తవ్వితే సిమెంటు పెళ్లలు, కంకర. సున్నం ఎక్కువైన మట్టిలో మొక్క ఇనుము తీసుకోలేదు. గడ్డపారతో అడుగున్నర తవ్వించి, ఆ రద్దు తీసేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపాకే కోలుకుంది. మొక్కలు కొనేముందు అడుగు లోతు గొయ్యి తీసి ఒక బకెట్ నీళ్లు పోసి, ఇంకుతున్నాయో లేదో చూడండి.

వైట్‌ఫీల్డ్_కొత్తిల్లు
నిన్న పొద్దున ఎనిమిదింటికి గొయ్యి తీసి నీళ్లు పోశాం. సాయంత్రం నాలుగైనా సగం బకెట్ అలాగే ఉంది. మా ఆయన చెయ్యి పెట్టి చూస్తే అడుగున పలక. మేస్త్రీ సిమెంటు మాల్ కలిపిన చోటు అదేనట, గట్టిపడి బండలా ఉంది. ఆదివారం దాన్ని పగలగొట్టిస్తున్నాం. లాన్ మాట ఆయనే వదిలేశారు. మల్లె అంటు ఏ రకం తెచ్చుకోవాలో చెప్పండి అక్కా.