రైలు కిటికీ దగ్గర పాప కళ్ళు అటూ ఇటూ కొట్టుకున్నాయి, చువ్వ చూస్తే ఆగిపోయాయి, ఏటిది?

ఆమదాలవలస అమ్మ:
నిన్న విజయనగరం నుంచి పాసింజర్‌లో వస్తున్నాం, మా గుంటకి ఎనిమిదేళ్ళు, కిటికీ పక్కన కూర్చుంది. చీపురుపల్లి దాటాక దాని మొహం చూద్దును కదా, కళ్ళు రెండూ నెమ్మదిగా ఓ పక్కకి జరుగుతున్నాయి, టక్కుమని వెనక్కొస్తున్నాయి, మళ్ళీ జరుగుతున్నాయి. గుండె గుభేలుమంది. కళ్ళు తిరుగుతున్నాయేటమ్మా అంటే లేదు తాటిచెట్లు లెక్కెడుతున్నాను అంది. కిటికీ చువ్వకి పెయింట్ ఊడిన చోటు చూపించి ఇక్కడ చూడు అన్నాను, అంతే, ఆగిపోయాయి. రాత్రంతా నిద్ర లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

చెవి పరీక్షల టెక్నీషియన్:
కంగారు పడకండి అక్కా, ఆ సీట్లో కూర్చుంటే మీ కళ్ళూ అలాగే కొట్టుకుంటాయి, ఎవరివి వాళ్ళకి తెలీవు. కన్ను ఓ చెట్టుని పట్టుకుని దానితో పాటు కొంతదూరం వెళ్ళి, టక్కుమని వెనక్కి దూకి ఇంకో చెట్టుని పట్టుకుంటుంది, మనం అనుకుని చేసేది కాదు. ఆప్టోకైనెటిక్ నిస్టాగ్మస్ అంటారు. కదలని చువ్వ మీద చూపు నిలిపితే వెనకాల చెట్లు పరిగెడుతున్నా మెదడు ఆ రిఫ్లెక్స్‌ని అణిచేస్తుంది.

చెవి నుంచి వచ్చే రిఫ్లెక్స్ ఇంకోటి ఉంది, వీఓఆర్, అంటే వెస్టిబ్యులో-ఆక్యులర్ రిఫ్లెక్స్. ఫోన్ కదలకుండా పట్టుకుని తల అడ్డంగా గబగబా ఊపుతూ చదవండి, అక్షరాలు తెలుస్తాయి. తల ఆపి ఫోన్‌ని అంతే స్పీడుగా ఊపండి, మొత్తం అలికేసినట్టు అయిపోద్ది. తల కదిలితే లోపలి చెవి కబురుకి కన్ను సుమారు 10 మిల్లీసెకన్లలోనే కదులుతుంది, కదిలే వస్తువుని చూసి వెంబడించడానికి 100 దాకా పడుతుంది, అదీ తేడా. దీన్నీ చూపుతో ఆపొచ్చు: తిరిగే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి బొటనవేలు చూస్తుంటే, ఎవరైనా కుర్చీ మెల్లగా తిప్పినా కళ్ళు వేలి మీదే ఉంటాయి. అలా ఆపడంలో ముఖ్యమైన పని చిన్నమెదడుది.

విజీనగరం రైతు:
నాకు జరిగింది చెప్తాను. పోయిన సంక్రాంతికి మంచం మీంచి లేస్తే ఇల్లంతా గిర్రున తిరిగింది, ఒకటే వాంతులు. డాక్టరుగారు గోడ మీద చుక్క చూడమంటే కళ్ళు కొంచెమే కదిలాయంట. తర్వాత భూతద్దాల్లాంటి దళసరి కళ్ళజోడు పెట్టారు, లోపల లైటు, నాకు అంతా మసక, చూపు దేనిమీదా నిలవదు. అప్పుడు కళ్ళు ఎలా కొట్టుకున్నాయో మా తమ్ముడు చూసి బెదిరిపోయాడు. చూపు నిలిపితే తగ్గేది ఎక్కువగా చెవి వైపుది, నిలిపినా తగ్గకపోతే మెదడు వైపు అనుమానించాలి అన్నారు. నాది చెవి నరం వాపు, కొన్ని వారాలకి సర్దుకుంది.

చెవి పరీక్షల టెక్నీషియన్:
ఔను, అవి ఫ్రెంజల్ గాగుల్స్. చెవిలో 30, 44 డిగ్రీల నీళ్ళు పోసి చేసే టెస్టులో కూడా ముందు చీకట్లో కళ్ళు ఎంత కొట్టుకుంటున్నాయో చూసి, మధ్యలో ఓ లైటు చూడమంటాం, ఎంత తగ్గిందో చూడటానికే. వేడినీళ్ళకీ చల్లనీళ్ళకీ కళ్ళు ఎదురెదురు దిక్కులకి ఎందుకు కొట్టుకుంటాయో తేల్చిన రాబర్ట్ బారనీకి 1914 నోబెల్ ఇచ్చారు.

అక్కా, నిలకడగా కూర్చుని కదలనిది చూస్తున్నా కళ్ళు కొట్టుకుంటే చూపించాలి. నడక తూలడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం కూడా ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రైలు ఆగినప్పుడు పాప కళ్ళు ఎలా ఉన్నాయి?

ఆమదాలవలస అమ్మ:
పొందూరులో ఆగినప్పుడు మామూలుగానే ఉన్నాయి తమ్ముడూ, ఇంట్లో చదివేటప్పుడూ ఏమీ లేదు. ఇప్పుడే ఫోన్ ఊపి చూశాం ఇద్దరం, నువ్వన్నట్టే ఉంది, కుర్చీ కోసం పక్కింటికెళ్ళింది అది.