కాసినోలు ఇచ్చే ఉచిత కానుకలు: పన్ను, నియమాలపై మీ అనుభవాలు

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
అమెరికాలో ఒక కాసినో నిర్వహించిన డ్రాలో నాకు కారు వచ్చింది. దాని మార్కెట్ విలువ మొత్తం ఆ ఏడాది నా ఆదాయంలో చేరడంతో, చేతికి నగదేమీ రాకపోయినా పన్ను మాత్రం నగదుగానే కట్టవలసి వచ్చింది. డ్రా గురించి ప్రకటించిన బోర్డు మీద ఈ సంగతి ఎక్కడా లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పన్ను లెక్కలు చూసే సభ్యుడు:
ఆ ఏడాది ఆటలో పోగొట్టుకున్న సొమ్ముకు మీ దగ్గర లెక్క ఉందా? భారీగా ఆడే ఒక వ్యక్తికి కాసినో ఇచ్చిన కార్లు, ప్రయాణాలు అతని జూదంతో ముడిపడినవే కనుక, వాటి విలువకు ఎదురుగా జూదపు నష్టాలను చూపుకోవచ్చునని 1996లో అక్కడి టాక్స్ కోర్టు తీర్పు ఇచ్చింది. ఆటతో సంబంధం లేకుండా టికెట్లు పంచిన డ్రా అయితే ఆ వాదన నిలబెట్టడం కష్టం.

కాసినో ఖాతాల విభాగంలో పనిచేసిన సభ్యుడు:
కాసినో కట్టే పన్నులోనూ ఇలాంటి చిక్కే ఉంది. నగదుగా మార్చుకోలేని ఉచిత చిప్పును (డబ్బుకు బదులు పందెం కట్టే బిళ్లను) ఆటగాడు పందెంలో ఓడిపోతే కాసినోకు కొత్తగా వచ్చే డబ్బు లేదు. అందుకే దాని ముఖవిలువను గేమింగ్ సుంకం లెక్కలో కలపకూడదని 2020లో బ్రిటన్ సుప్రీం కోర్టు తేల్చింది. అదే దేశంలో ఆన్‌లైన్ ఆటలకు మాత్రం 2017 ఆగస్టు నుంచి ఉచిత ఆటలను సుంకం పరిధిలోకి తెచ్చారు. మేము ఉచిత చిప్పులను వేరే పద్దులో రాసేవాళ్లం. ఆ పద్దు ఎంత పెరిగినా అడిగేవారు లేకపోతే, ప్రమోషన్ పేరు మీద ప్రభుత్వ రాబడి కరిగిపోతుంది. కాబట్టి మినహాయింపుకు ఒక పరిమితి ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఆన్‌లైన్ బోనస్ తీసుకున్న సభ్యురాలు:
పన్ను కంటే ముందు షరతులను అదుపు చేయాలి. నాకు 100 బోనస్ ఇచ్చి, దానికి 40 రెట్లు, అంటే 4,000 మేర పందేలు కడితే తప్ప డబ్బు తీసుకోనివ్వమన్నారు. ఆటలో కాసినో వాటా 4 శాతం అనుకున్నా, సగటున 160 పోతుంది. వచ్చిన 100 కంటే పోయేదే ఎక్కువైతే దాన్ని కానుక అనడం అన్యాయం. బ్రిటన్ 2026 జనవరి నుంచి ఈ షరతును 10 రెట్లకు పరిమితం చేసింది. అప్పుడు అదే లెక్కన పోయేది 40.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
అందరికీ ధన్యవాదాలు. డ్రా నిబంధనల కాగితం వెతికి చూశాను. సభ్యత్వ కార్డు మీద ఆడిన పాయింట్లకే టికెట్లు ఇచ్చారని అందులో స్పష్టంగా ఉంది. ఆ ఏడాది నా గెలుపోటముల పత్రం ఇవ్వమని కాసినోకు ఈ రోజే లేఖ రాశాను.