పొద్దున్నే బండి లేటుగా స్టార్ట్ అవుతోంది: ముందు బ్యాటరీయే మార్చాలా?

తెనాలి_డీజిల్:
మాది 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. పొద్దున్నే మొదటిసారి తాళం తిప్పితే చాలాసేపు తిరిగాక గానీ అందుకోవడం లేదు. ఆ తర్వాత రోజంతా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. మా వీధి మెకానిక్ బ్యాటరీ మార్చేయమంటున్నాడు. ఇంకొకాయన నాజిల్స్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోయాయంటున్నాడు. ముందు బ్యాటరీ మార్చి చూస్తే ఏమంటారు?

హైవే65:
మార్చేయండి. మన ఎండలకు నాలుగేళ్లు వచ్చిందంటే ఆ బ్యాటరీ బాగానే పనిచేసినట్టు. ఇవాళ కాకపోతే ఆరు నెలలకైనా మార్చాల్సిందే కదా. ఇంట్లో పెద్దవాళ్లున్నారనుకోండి, అర్ధరాత్రి ఆసుపత్రికి బయల్దేరాల్సి వస్తే బండి మొరాయించకూడదు. పాతది ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే ధర కూడా కొంత తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే నాజిల్స్ సంగతి చూసుకోవచ్చు.

ఎర్త్‌వైర్:
నేను దీనికి ఒప్పుకోను. తెనాలి గారూ, ముందు ఒక్క విషయం చెప్పండి. ఇంజన్ ఎలా తిరుగుతోంది? బరువుగా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? లేక ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతూ, అందుకోవడం మాత్రమే ఆలస్యమవుతోందా? రెంటినీ మనం "లేట్ స్టార్టింగ్" అనే అంటాం గానీ కారణాలు పూర్తిగా వేరు. ఈడుస్తుంటే బ్యాటరీ, టెర్మినల్స్, ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ను ఇంజన్‌కు కలిపేది), సెల్ఫ్ మోటారు చూడాలి. హుషారుగా తిరుగుతుంటే డీజిల్ వైపు వెళ్లాలి.

చెవితో తేలకపోతే మామూలు మల్టీమీటరు చాలు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 దగ్గరుంటే నిండా ఛార్జ్ ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగమే. తిరిగొచ్చి ఇంజన్ ఆపిన వెంటనే చూడొద్దు, అప్పుడు ఎక్కువ చూపిస్తుంది. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు చూడండి. 9.6 కిందికి పడిపోతుంటే బ్యాటరీని అనుమానించడం న్యాయమే.

అక్కడితో ఆగకండి. మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ సీసపు కొమ్ము మీదే పెట్టండి, దాని మీది క్లాంపు మీద కాదు. రెండో కొన ఇంజన్ బ్లాకు మీద రంగు, మడ్డి లేని ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టులైతే పర్వాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ వైరో, దాని బోల్టో తుప్పు పట్టి ఉంటుంది. హారన్ బాగా మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి అని చాలామంది ధీమాగా ఉంటారు. వాటికి కొద్ది ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతుంటే, దారిలో 0.01 ఓమ్ నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. ఇలాంటి బండికి కొత్త బ్యాటరీ వేస్తే కొన్నాళ్లు బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత మళ్లీ మొదలవుతుంది, ఈసారి సెల్ఫ్ మోటారు మార్చమంటారు. మామూలు ఉద్యోగుల డబ్బు ఇలా పోతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఖమ్మం_క్యాబ్:
హీటర్ ప్లగ్‌లు (చల్లని ఇంజన్‌లో గాలిని వేడి చేసేవి) చూశారా? చలికాలంలో మా స్టాండ్‌లో అందరూ ముందు వాటినే అంటారు.

హైవే65:
ఎర్త్‌వైర్ గారు చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే. కానీ ఆఫీసు టైమ్‌కి బయల్దేరేవాడు మీటరు పట్టుకుని బోనెట్‌లో తల పెడతాడా? ఇంకో మాట. ఇవాళ 12.6 చూపించిన పాత బ్యాటరీ వారం తిరక్కుండానే చచ్చిపోవడం నేను చూశాను. లోపల సెల్ షార్ట్ అయ్యే ముందు అది మనకు చెప్పి చేయదు. ఆ టెన్షన్ లేకుండా ఉండటానికి పెట్టే ఖర్చును నేను దండగ అనను.

తెనాలి_డీజిల్:
ఇవాళ పొద్దున మా తమ్ముడిని పిలిచి చూశాను. సెల్ఫ్ కొట్టకముందు 12.5. కొడుతుంటే 10.4 దగ్గర నిలిచింది. ఎర్త్ దగ్గర 0.15. ఇంజన్ హుషారుగానే తిరుగుతోంది, కానీ అందుకోవడానికి ఎప్పట్లాగే టైమ్ పట్టింది.

ఎర్త్‌వైర్:
అయితే ఈ ఆలస్యానికి బ్యాటరీ కారణం కాదు. అది పాతబడిందన్నది నిజమే, వేసవిలోపు మార్చుకోండి, అందులో హైవే65 గారితో నాకు పేచీ లేదు. కానీ రేపు కొత్తది వేసినా మీ పొద్దుటి సమస్య ఇలాగే ఉంటుంది.

ఖమ్మం గారూ, పొద్దున కూడా 20 డిగ్రీలుండే చోట మంచి కంప్రెషన్ ఉన్న కామన్ రైల్ ఇంజన్ (నాజిల్స్ అన్నిటికీ ఒకే గొట్టం నుంచి, అంటే రైల్ నుంచి, ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకం) హీటర్ ప్లగ్‌లు పనిచేయకపోయినా అందుకుంటుంది. లంబసింగి చలిలో అయితే మీ మాటే ముందు వినాలి.

ఇక డీజిల్ సంగతి. ఈ ఇంజన్లలో చాలావాటికి రైల్‌లో సుమారు 200 బార్ ప్రెషర్ వచ్చేదాకా కంప్యూటరు నాజిల్స్ తెరవనివ్వదు. రాత్రంతా నిలిచిన బండిలో ఎక్కడో గాలి దూరి డీజిల్ వెనక ట్యాంకు వైపు జారిపోతే, పొద్దున పంపు ముందు ఆ గాలిని తోసేయాలి. మీ ఆలస్యం అదే అయ్యుండొచ్చు. నాజిల్స్ బాగా లీకవుతుంటే వేడిగా ఉన్నప్పుడు కూడా ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే వేడికి డీజిల్ పలచబడుతుంది. మీ బండి రోజంతా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది కాబట్టి నా అనుమానం ముందు గాలి మీదే.

ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే తక్కువ ప్రెషర్ పైపు స్థానంలో పారదర్శకంగా ఉండే డీజిల్ పైపు వేయించి చూడండి. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందులో బుడగలు పరిగెడితే దొంగ దొరికినట్టే. అది శుభ్రంగా ఉంటేనే నాజిల్స్ రిటర్న్ టెస్టుకి వెళ్లండి. నాలుగు నాజిల్స్ రిటర్న్‌లకు (మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే గొట్టాలకు) నాలుగు చిన్న సీసాలు తగిలిస్తారు, ఏ సీసా మిగతావాటికన్నా ముందు నిండుతుందో ఆ నాజిల్ తేడా. నాలుగూ ఒకేసారి మార్చమంటే మాత్రం ఆ సీసాలు మీ కళ్లతో చూడకుండా ఒప్పుకోకండి.

రైల్ నుంచి నాజిల్స్‌కి వెళ్లే ఇనప పైపులు మాత్రం ఇంజన్ తిరుగుతుండగా ఎవరినీ వదులు చేయనివ్వకండి. పాత డీజిల్ ఇంజన్లకు గాలి తీసినట్టు వీటికి తీయకూడదు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, రాత్రి బండి ఎలా పెడతారు?

తెనాలి_డీజిల్:
ఇంటి ముందు ర్యాంప్ మీద, ముక్కు పైకి. మీరు అడిగాక గుర్తొచ్చింది, ఊరెళ్లి చదునుగా ఉన్న చోట పెట్టినప్పుడు పొద్దున ఇంత సతాయించలేదు.

ఎర్త్‌వైర్:
ముక్కు పైకుంటే డీజిల్ వెనక ట్యాంకు వైపు తేలిగ్గా జారుతుంది. అలాగైతే గాలి ఎక్కడ దూరుతోందో వెతకడానికి ముందు ఫిల్టర్ దగ్గరికే వెళ్లండి. కింద నీళ్లు వదిలే స్క్రూ, పైన పైపులు తగిలించే క్లిప్పులు, మూత రబ్బరు సీల్, అన్నీ పొడి గుడ్డతో తుడిచి మర్నాడు ఎక్కడైనా డీజిల్ తడి ఉందేమో చూడండి.

తెనాలి_డీజిల్:
చూశాను. స్క్రూ చుట్టూ తడి ఉంది, దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంది. ఫిల్టర్ మార్చి కూడా చాలా కాలమైంది కాబట్టి సీల్స్‌తో సహా మార్పిస్తున్నాను.

హైవే65:
మార్పించండి. వేసవికి ముందు బ్యాటరీ సంగతి మాత్రం మర్చిపోకండి, ఆ మాట మీద నేనింకా ఉన్నాను.